చిరంజీవి కొత్త ఫోనుకు పాత కస్టమరు దీవించి రాయునది

చిరంజీవి కొత్త మోడల్ ఫోనుకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను, నా చేతిలోని మీ నాలుగేళ్ల కిందటి అన్నయ్య, నెత్తిమీద సీలింగు ఫ్యాను అందరం క్షేమం. నువ్వు బయలుదేరావనీ, వస్తూ వస్తూ విప్లవం తెస్తున్నావనీ పొద్దున మెసేజి అందింది. పోయినేడు వచ్చినవాడూ విప్లవమే తెచ్చాడు. డబ్బా విప్పి చూస్తే కెమెరా కన్ను కాస్త పక్కకి జరిగి ఉంది.

మీ వంశమంటే నాకు గౌరవమే. 2007లో మీ పెద్దాయన, మొదటి ఐఫోను, దిగినప్పుడు నేనూ నోరు తెరుచుకుని చూసినవాణ్నే. ఆ తర్వాత మాత్రం మీరు పెట్టినదానికన్నా పీకినదే ఎక్కువగా కనిపిస్తోంది. బ్యాటరీ మూత పోయింది. 2016లో ఆపిల్ వాళ్లు ఇయర్‌ఫోన్ బొక్క పూడ్చేసి, స్టేజీ ఎక్కి దాన్ని ధైర్యం అన్నారు. 2020లో డబ్బాలోంచి చార్జరు తీసేసి పర్యావరణం అన్నారు. మా సందులో కొట్టాయన పొట్లంలో పల్లీలు తగ్గిస్తే మేం ధైర్యం అనం. మాకు వేరే మాట ఉంది. ఇప్పుడు మడత ఫోనొకటి, ధర లక్ష దాటిందట. మడిచి జేబులో వేసుకునే ఫోను మా బావ దగ్గర ఇరవయ్యేళ్ల కిందటే ఉండేది. మూస్తే టప్పుమనేది. ఆ చప్పుడు కోసమే ఆయన ఫోన్లు త్వరగా పెట్టేసేవాడు.

కోపం తెచ్చుకోనంటే ఒకటి చెప్తాను. నీ ఒంటిమీద నగలన్నీ తాతల నాటివే. వేలితో తాకే తెర గురించి ఇంగ్లండులో ఇ.ఎ. జాన్సన్ అనే ఇంజనీరు 1965లోనే రాశాడు. నీ కడుపులోని లిథియం బ్యాటరీని సోనీ 1991లో బజారులో పెట్టింది. నీకు దారి చూపించే జీపీఎస్ మొదటి ఉపగ్రహం 1978లో పైకి వెళ్లింది. చివరికి నీ మొహంమీది ఆ గట్టి గాజు కూడా 1960లలో కార్నింగ్ కంపెనీ తయారుచేసి, కొనేవాళ్లు అంతగా లేక అటకెక్కించినదాని వారసత్వమే. అన్నీ ఒకచోట గుదిగుచ్చినవాడి తెలివికి దండం పెడతాను. కానీ పెళ్లికూతురు నగలు అరువువని తెలిశాక, ఏటేటా అదే పెళ్లికి పిలుస్తుంటే కట్నం చదివించడానికి చెయ్యి రాదు.

మీ ఇంట్లో శ్రమ లేదని అనను. చిప్పులో ట్రాన్సిస్టర్లనే బుల్లి స్విచ్చులను రెండేళ్లకోసారి రెట్టింపు చేస్తూ పోవాలంటే, 1970ల మొదట్లో సరిపోయినవాళ్లకు 18 రెట్ల మంది పరిశోధకులు ఇప్పుడు కావాలని అమెరికా ఆర్థికవేత్తలు 2020లో లెక్క తేల్చారు. గాడిపొయ్యి దగ్గర పద్దెనిమిది రెట్ల వంటవాళ్లు, విస్తట్లో అదే పప్పు.

2003 గుర్తుందా? నువ్వప్పటికి పుట్టలేదులే. ఆ ఏడే నోకియా 1100 వచ్చింది. దుమ్ము చొరబడని మీటలు, నెత్తిన టార్చి, అమ్ముడైనవి 25 కోట్లకు పైన. ఆ ఏడే లండన్ నుంచి న్యూయార్కుకి మూడున్నర గంటల్లో తీసుకెళ్లే కాంకార్డ్ విమానం మూలన పడింది. దాని ఖర్చూ దాని మోతా ఎవరూ భరించలేకపోయారు, అది వేరే కథ. ఇప్పుడు అదే దారికి ఏడెనిమిది గంటలు పడుతుంది. ఆ గంటలన్నీ నిన్ను చూసుకుంటూ కూర్చోవచ్చనుకో.

అసలు ఈ ఉత్తరం నీ ప్రకటన వల్ల రాస్తున్నాను. మా నాయిన నలభై ఏళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. మొన్న టీవీలో నిన్ను బండమీద పడేసి, పగల్లేదని చప్పట్లు కొడుతుంటే చూసి అడిగాడు.

"ఎంత ఎత్తుకెల్లి ఇడుస్తున్నర్రా?"

"మనిషెత్తు నాయినా."

"గంతేనా?"

ఇంకేం మాట్లాడలేదు. తాటిచెట్టు మనిషెత్తు కాదు. వాన పడితే మొద్దు పాకురు పడుతుంది, కాలు జారుతుంది. మా ఊళ్లో అలా పడి నడుం విరిగి, మంచంలోనే మిగిలినవాళ్లను నేనెరుగుదును. మా నాయినకున్న ఆసరా మోకు, ముత్తాదు అనే తాళ్ల సరంజామా. వాళ్ల తాతకున్నదీ అదే. గీత కార్మికులకు వాళ్ల దేవుడు కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు తెలంగాణ ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టింది 2024 జులైలో. అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. నడుముకో పట్టీ, పట్టు తప్పితే కిందపడకుండా ఆపే తాడు. కొండలెక్కేవాళ్ల దగ్గర ఎన్నో ఏళ్లుగా ఉన్న సరుకే. నీకు 2007లోనే తొడిగిన కవచం, చెట్టు మీది మనిషిదాకా రావడానికి ఇంకో పదిహేడేళ్లు పట్టింది. అప్పటికి మా నాయిన తాటిచెట్లు దిగి పదేళ్లు.

కొత్తదేదీ రావట్లేదని పెద్ద పెద్దవాళ్లు చర్చలు పెడుతుంటారు. నాకు అలా అనిపించదు. 2016లో వచ్చిన యూపీఐ పుణ్యమా అని మా ఊరి కల్లు మండువలో కూడా లొట్టి పక్కన క్యూఆర్ అట్ట వేలాడుతోంది. చిల్లర లేదనే వంక పోయింది, అరువు మాత్రం పోలేదు. తెలివి ఎండిపోలేదు నాయనా, చెరువు నిండుగానే ఉంది. తూములన్నీ నీ మడిలోకే తెరిచి పెట్టారు, అంతే.

కాబట్టి ఈ ఏడు నిన్ను తెచ్చుకోవడం లేదు. వాయిదాల మీద ఇస్తామని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్న అమ్మాయికి నువ్వే ఓ మాట చెప్పు. పై ఏడు వచ్చే తమ్ముడికి నా దీవెనలు.

ఇంకా రాద్దామనుకున్నాను గానీ కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. మీ అన్నయ్య టార్చి వేసుకుని ఈ నాలుగు ముక్కలూ ముగిస్తున్నాను. వాడిలో నాకు బాగా పనికొచ్చేది అదే, 2003 నాటిది.

ఇట్లు,
పాత కస్టమరు