పాతదైతే అరుదైనదేనా? రోమన్ వెండి నాణేలపై తిరుగుతున్న సందేశానికి జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. మాటలు అక్కడక్కడా మారినా సారాంశం ఇది: "మీ ఇంట్లో రాజు తల, చుట్టూ ఇంగ్లిష్ లాంటి అక్షరాలు ఉన్న పాత వెండి నాణెం ఉందా? అది రెండు వేల ఏళ్ల నాటి రోమన్ నాణెం, చాలా అరుదు. ఏసుక్రీస్తు చేతిలోకి తీసుకున్న నాణెం ఇదే. అయస్కాంతానికి అంటుకోకపోతే అసలైనది. గాట్లు ఉన్నా, అక్షరాల్లో తప్పులున్నా నకిలీ. చింతపండుతో తోమి ఫొటో పంపండి, లక్షలు వస్తాయి."

తెలుగు నేలలో రోమన్ వెండి నాణేలు దొరికిన మాట నిజమే. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో బయటపడ్డ ఒక్క కుప్పలోనే ఒకటిన్నర వేలకు పైగా ఉన్నాయి. ఆ కొంచెం నిజాన్ని పట్టుకుని అల్లిన మిగతా మాటల్లో మాత్రం దాదాపు ఏదీ నిలబడదు. ముందు 'అరుదు' సంగతి తేల్చాలి, ఎందుకంటే మిగతా తప్పులకు మూలం అదే.

రోమన్ల ముఖ్యమైన వెండి నాణెం దేనారియస్. క్రీ.పూ. 211 ప్రాంతంలో, కార్తేజ్ సేనాని హానిబాల్‌తో యుద్ధం నడుస్తుండగా మొదలైంది. క్రీ.శ. 3వ శతాబ్దం మధ్యదాకా, అంటే దాదాపు నాలుగున్నర శతాబ్దాలు, టంకశాలలు దాన్ని కొడుతూనే ఉన్నాయి. అంత అవసరం ఎవరికంటే, సైన్యానికి. తొలి చక్రవర్తి అగస్టస్ కాలంలో మామూలు సైనికుడి జీతం ఏడాదికి 225 దేనారియస్‌లు. లెజియన్‌కు, అంటే పెద్ద సైనిక దళానికి, సుమారు 5 వేల మంది చొప్పున 25 లెజియన్లు అనుకుంటే, ఒక్క జీతాలకే ఏటా 2.8 కోట్ల దేనారియస్‌ల సొమ్ము కావాలి. అధికారుల జీతాలు, సహాయక దళాల ఖర్చు ఈ లెక్కలోకి రాలేదు. ఇంత డబ్బు చేతులు మారిన చోట జనం దాన్ని కుండల్లో పోసి పాతిపెట్టుకున్నారు. యుద్ధమో, తెగులో వచ్చి కొందరు మళ్లీ తవ్వుకోలేకపోయారు. 1929లో బల్గేరియాలోని రెకా దెవ్న్యాలో దొరికిన కుప్పలో 80 వేలకు పైగా వెండి నాణేలున్నాయి. చక్రవర్తి ఆంటోనినస్ పయస్, ఆయన భార్య ఫౌస్టీనా, మరో చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్, ఆయన భార్య జూలియా డొమ్నా, వీళ్ల నాణేలకు యూరప్, అమెరికా వేలాల్లో ఎప్పుడూ కొదవ లేదు. కాస్త అరిగినవి వంద డాలర్ల లోపే దొరుకుతాయి. వయసులో కాకతీయుల కంటే వెయ్యేళ్లు పెద్దవి, ధరలో మాత్రం ఓ మోస్తరు ఫోన్ కంటే తక్కువ.

మరి అరుదైనవేవి? సింహాసనం మీద ఎక్కువ రోజులు నిలవని వాళ్లవి కొన్ని. క్రీ.శ. 69లో ఒథో ఏలింది మూడు నెలలు. 193లో అంగరక్షక దళం సామ్రాజ్యాన్నే వేలానికి పెడితే, పాడుకుని గెలిచిన దిదియస్ జూలియానస్‌కు దక్కింది తొమ్మిది వారాల చిల్లర. కొన్నిసార్లు పాలకుడు అందరికీ తెలిసినవాడే, వెనకవైపు బొమ్మ అరుదు. రోమన్ సేనాని మార్క్ ఆంటోనీ క్రీ.పూ. 32–31లో, ఆక్టియం యుద్ధానికి ముందు, తన సైన్యం కోసం కొట్టించిన దేనారియస్‌లు చూడండి. ఒకవైపు ఓడ, రెండోవైపు గద్ద, సైనిక ధ్వజాలు, వాటి మధ్య లెజియన్ సంఖ్య. చాలా సంఖ్యలు బాగా అరిగిపోయి, కావలసినన్ని దొరుకుతాయి. అరుదైన మొదటి లెజియన్ పేరున్నది కనిపిస్తే మాత్రం తెలిసినవాళ్లు సంబరపడరు, ముందు అక్షరాలు ఎవరైనా చెక్కి మార్చారేమోనని భూతద్దం తీస్తారు.

నిజంగా అరుదు అంటే ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు బాగా నచ్చిన కథ రెండో దొమిషియానస్‌ది. 1900లో ఫ్రాన్స్‌లో ఈ పేరుతో ఒక నాణెం దొరికింది. ఇలాంటి చక్రవర్తి ఎక్కడున్నాడు, ఇది నకిలీ అని చాలామంది పక్కన పెట్టేశారు. వంద ఏళ్లు గడిచాయి. 2003లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, చాల్‌గ్రోవ్ దగ్గర, దాదాపు 5 వేల నాణేలున్న కుండ బయటపడింది. అన్నీ అతుక్కుపోయి ముద్దగా ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియంలో వాటిని ఒక్కొక్కటిగా విడదీస్తుంటే అదే పేరుతో రెండో నాణెం వచ్చింది, మొదటిదాన్ని కొట్టిన అచ్చులతోనే. క్రీ.శ. 271 ప్రాంతంలో గాల్‌లో, అంటే ఇప్పటి ఫ్రాన్స్ వైపు, కొద్ది రోజులు రాజునని ప్రకటించుకున్నవాడు ఒకడున్నాడని దాంతో గట్టిపడింది. ఆ నాణెంలో వెండి నామమాత్రం. ఆ కాలపు అలాంటి నాణేలు బస్తాల కొద్దీ దొరుకుతాయి. దాన్ని అరుదు చేసింది తల చుట్టూ ఉన్న పేరు ఒక్కటే.

ఇక "రాజు తల, ఇంగ్లిష్ లాంటి అక్షరాలు" అన్న గుర్తు. మన ఇళ్లలో ఆ వర్ణనకు సరిపోయేవి ఎక్కువగా విక్టోరియా, జార్జి రాజుల రూపాయలు. వాటి బరువు 11.66 గ్రాములు. అగస్టస్ దేనారియస్ నాలుగు గ్రాములకు కాస్త తక్కువ. నగల షాపులో వాడే చిన్న కాటా మీద పెడితే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. ఇంకో పొరపాటు పశ్చిమ భారతాన్ని ఏలిన పశ్చిమ క్షాత్రపుల వెండి నాణేలతో వస్తుంది. వాటి మీదా తల ఉంటుంది, చుట్టూ అర్థంలేకుండా మారిపోయిన గ్రీకు అక్షరాలుంటాయి. కానీ బరువు రెండు గ్రాముల చుట్టుపక్కలే. తిప్పి చూస్తే మూడు కొప్పుల కొండ, చంద్రుడు, సూర్యుడు, చుట్టూ బ్రాహ్మీ లిపి కనిపిస్తాయి. శాతవాహనులు కూడా తలబొమ్మతో వెండి నాణేలు వేశారు. ఇవి రోమన్‌వి కాకపోతే నిరాశపడాల్సిన పని లేదు, మన చరిత్రకు వీటి విలువ తక్కువేమీ కాదు.

రోమన్ నాణేన్ని గుర్తుపట్టడమంటే అక్షరాలు చదవడం. అవి లాటిన్, అదీ పొడి అక్షరాల్లో. యు ఉండాల్సిన చోట వి ఉంటుంది. పేరు, బిరుదులు, ఎన్నిసార్లు కాన్సుల్ (రోమ్‌లో అత్యున్నత పదవి) అయ్యాడు, ఇవన్నీ వరుసగా ఉంటాయి. ఇప్పటిలా సంవత్సరం వేయరు గానీ కాలం పట్టుకోవచ్చు. చక్రవర్తి ట్రాజన్ నాణెం మీద ఐదోసారి కాన్సుల్ అని ఉంటే అది 103కూ 111కూ మధ్య కొట్టింది, ఎందుకంటే 112లో ఆయన ఆరోసారి అయ్యాడు. ముఖం చూసి చెప్పేస్తాననేవాళ్లను నేను పెద్దగా నమ్మను.

మన దగ్గర ఏవి దొరుకుతాయో కూడా తెలిసిన విషయమే. భారతదేశంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో రెండు రకాలదే పైచేయి. ఒకటి అగస్టస్‌ది: వెనకవైపు ఆయన దత్తపుత్రులు గాయస్, లూషియస్ నిలబడి ఉంటారు, మధ్య డాళ్లు, ఈటెలు. రెండోది ఆయన తర్వాతి చక్రవర్తి టిబేరియస్‌ది: వెనకవైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ. రెండూ ఎక్కువగా ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో కొట్టినవే. క్రీ.శ. 64లో చక్రవర్తి నీరో దేనారియస్ బరువునూ వెండి పాలునూ తగ్గించాడు. ఆ తర్వాతి వెండి నాణేలు మన దేశంలో దొరకడం బాగా తక్కువ. సరుకు అమ్మేవాడికి పేరుతో పనేముంది, వెండే కావాలి. ఒకే తూకానికి ఎంత మర్యాద ఉండేదో రోమన్ రచయిత ప్లీనీ కథగా చెప్పాడు: రోమన్ నాణేల మీద రకరకాల ముఖాలున్నా బరువు మాత్రం ఒకేలా ఉండటం చూసి సింహళ రాజు వాళ్ల నిజాయితీని మెచ్చుకున్నాడట. సెప్టిమియస్ సెవెరస్ కాలానికి దేనారియస్‌లో వెండి సగానికి పడిపోయింది. కాబట్టి "మా పొలంలో సెవెరస్ వెండి నాణెం దొరికింది" అని ఎవరైనా అమ్మజూపితే, అసాధ్యం అనను గానీ, నాలుగు ప్రశ్నలు అడగందే ఊరుకోను.

ఏసుక్రీస్తు నాణెం సంగతి పొట్టిగా ముగిద్దాం. సువార్తల్లో, పన్ను కట్టాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆయనకు ఒక దేనారము చూపిస్తారు. దాని మీద కైసరు బొమ్మ ఉందని ఉంది, ఏ కైసరో లేదు. అప్పటి చక్రవర్తి టిబేరియస్ కాబట్టి ఆయన నాణెమని ఊహించారు, అంతే. ఆ ఊహ వల్ల టిబేరియస్ దేనారియస్‌కు గిరాకీ పెరిగి, దొరుకుదల బాగానే ఉన్నా ధర మిగతావాటి కంటే ఎక్కువే పలుకుతోంది. గిరాకీ వేరు, అరుదు వేరు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అయస్కాంతం పరీక్ష గురించి నవ్వాలో ఏడవాలో తెలియదు. వెండి అంటుకోదు, నిజమే. రాగి అంటుకోదు, సీసం, తగరం, ఇత్తడి ఏవీ అంటుకోవు. నకిలీలు చేసేది వీటితోనే. అయస్కాంతం పట్టించేది ఇనుము, నికెల్ లాంటి వాటిని మాత్రమే. రోమన్ల కాలంలోనే రాగి బిళ్ల మీద వెండి రేకు తొడిగి దొంగ నాణేలు చేశారు, వాటి ముందు కూడా అయస్కాంతం గుడ్డిదే. షాపులో వెండి శాతం చూపే యంత్రం పైపొర సంగతి చెబుతుంది తప్ప వయసు చెప్పదు. కంసాలి గీటురాయి మీద గీయిస్తే ఉన్న నాణేనికి కొత్త గీత మిగులుతుంది.

చూడాల్సింది అంచు. మూసలో కరిగిన లోహం పోసి చేసిన నకిలీకి చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలం మీద చిన్న చిన్న బుడగ గుంటలు, మెత్తగా కరిగినట్టున్న అక్షరాలు ఉంటాయి. రోమన్లు దేనారియస్‌లను పోయలేదు, సుత్తితో కొట్టారు. చేత్తో కొట్టినప్పుడు అచ్చు ఒకటే అయినా ఏ రెండు నాణేల అంచులూ, బొమ్మ పడిన చోటూ ఒకేలా ఉండవు. అదే పగులు, అదే గీత, అదే అంచు వంపు రెండింటి మీదా కనబడితే కనీసం ఒకటి నకిలీ. అయితే కొట్టి చేసిన నకిలీలూ ఉన్నాయి. 19వ శతాబ్దం మొదట్లో జర్మనీలో కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ అచ్చులు చెక్కి పురాతన నాణేలు కొట్టాడు. కొత్త మెరుపు పోవడానికి వాటిని ఇనుప రజను ఉన్న పెట్టెలో వేసి, తన గుర్రపు బండికి కట్టి తిప్పేవాడని చెబుతారు. పెద్ద పెద్ద సేకర్తలే మోసపోయారు. కాబట్టి ఫోన్‌లో ఫొటో చూసి "నూరు శాతం అసలైనది" అనేవాడు ఏం చూసి అంటున్నాడో అడగండి.

గాట్లు, తప్పు అక్షరాల మాట ఇంకా తలకిందులుగా ఉంది. అక్కన్‌పల్లి నాణేల్లో చాలావాటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గాటు ఉంది. వెండి లోపలిదాకా ఉందో లేదో చూడటానికా, నాణెంగా చెల్లకుండా చేయడానికా అన్నది పండితులు ఇంకా వాదించుకుంటున్న విషయం. ఏదైనా, ఆ గాటు ఆ నాణెం మన దేశం చేరాక పడింది. యూరప్ సేకర్తకు అది లోపం కావచ్చు, మనకు అది ఆధారం. అక్షరాల తప్పులూ అంతే. అగస్టస్, టిబేరియస్ నాణేలకు మన దేశంలోనే ఆ రోజుల్లో అనుకరణలు చేశారు. లాటిన్ రానివాడు చెక్కాడు గనుక అక్షరాలు గీతలుగా మారాయి. నిన్న చేసిన నకిలీకీ, రెండు వేల ఏళ్ల నాటి అనుకరణకూ తేడా ఫార్వర్డ్ మెసేజ్ చెప్పలేదు.

చింతపండు సలహా మాత్రం దయచేసి పాటించకండి. పూజ సామాను తోమడానికి అది బాగానే ఉంటుంది. శతాబ్దాలు భూమిలో ఉన్న వెండి లోపల పెళుసుబారుతుంది, గట్టిగా రుద్దితే విరగొచ్చు కూడా. పైనున్న నల్లటి పొర తోముడుకు పోతుంది, దాంతో పాటు ధరా పోతుంది. తోమిన నాణేన్ని సేకర్తలు చూడగానే పట్టేస్తారు.

చివరగా లక్షలు. రోమన్ నాణేలకు పెద్ద ధరలు వచ్చిన మాట ఉంది. సీజర్‌ను చంపాక బ్రూటస్ క్రీ.పూ. 42లో రెండు కత్తులు, మధ్య టోపీతో వేయించిన నాణెం అన్నిటికంటే ప్రసిద్ధి. దాని బంగారు ప్రతి ఒకటి 2020లో లండన్ వేలంలో 40 లక్షల డాలర్లు దాటింది. తర్వాత అది ఎక్కడి నుంచి వచ్చిందన్న కాగితాలు కల్పితమని తేలి, 2023లో అమెరికా అధికారులు దాన్ని గ్రీస్‌కు అప్పగించారు. ఎక్కడ దొరికింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్నది తేలకపోతే ఎంత గొప్ప నాణెమైనా అమ్మినవాడికీ కొన్నవాడికీ టెన్షనే.

మన దగ్గర చట్టం ఇంకా సూటిగా ఉంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న, పది రూపాయలకు మించిన విలువగల వస్తువు దొరికితే కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. పొలంలో కుండ దొరికితే నాణేలు పంచుకోకుండా, కడగకుండా, కుండతో సహా అప్పగించడమే సరైన పని. ఏది దేనితో కలిసి దొరికిందో తెలిస్తేనే అది ఎప్పుడు పాతిపెట్టారో చెప్పగలరు. విడివిడిగా అమ్మేశాక ఆ సంగతి ఇక ఎవరికీ దొరకదు.

ఇంట్లో తాతల నాటి నాణెం ఉంటే బరువు తూచి, రెండువైపులా, అంచునూ ఫొటో తీసి, రాష్ట్ర పురావస్తు శాఖ వాళ్లకు చూపించండి. ఆ సందేశం కింద ఉన్న నంబరుకు మాత్రం పంపకండి. పాత నాణేలు కొంటామంటూ తమ పేరు చెప్పి ఫీజులు, కమిషన్లు, పన్నులు అడిగేవాళ్లను నమ్మవద్దని 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. నిజంగా కొనేవాడు మీకు డబ్బిస్తాడు, మీ దగ్గర ముందుగా అడగడు.