పక్కింటివాళ్లు వద్దన్న ఆటగాళ్లతో ఐదు కప్పులు

1981 నవంబరు 22, మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియం. కెనడా ఫుట్‌బాల్‌లో అత్యున్నత బహుమతి అయిన గ్రే కప్ తుది పోరు. సగం ఆట ముగిసేసరికి ఒట్టావా 20, ఎడ్మంటన్ 1. ఆ ఏడాది ఒట్టావా లీగు దశలో ఆడిన 16 ఆటల్లో గెలిచినవి ఐదే. ఎడ్మంటన్ పద్నాలుగు గెలిచింది, ఒకటి ఓడింది, ఒకటి సమం చేసింది. అప్పటికే వరుసగా మూడు కప్పులు దాని ఖాతాలో ఉన్నాయి. అంత జట్టు ఒక్క పాయింటు దగ్గర నిలబడిపోయింది. తడబడుతున్న క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ బంతిని విసిరే ఆటగాడు) వారెన్ మూన్‌ను కోచ్ హ్యూ క్యాంప్‌బెల్ పక్కన కూర్చోబెట్టి, పాత కాపు టామ్ విల్కిన్సన్‌ను దింపాడు. రెండో సగంలో మళ్లీ మూన్‌నే పంపాడు. మూన్ స్వయంగా బంతితో ప్రత్యర్థి గీత దాటి రెండు టచ్‌డౌన్లు చేశాడు. స్కోరు 23-23 అయింది. మూడు సెకన్లు మిగిలి ఉండగా డేవ్ కట్లర్ బంతిని గోలు కర్రల మధ్యకు తన్ని, మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ కొట్టాడు. 26-23.

మరుసటి ఏడాది కూడా గెలిచి, 1978 నుంచి 1982 వరకు వరుసగా ఐదు కప్పులు అందుకున్న ఈ జట్టు కథను సాధారణంగా పట్టుదల కథగా చెబుతారు. పట్టుదల ఉంది, కాదనను. అయితే ఆ సాయంత్రం రెండు జట్లకూ క్వార్టర్‌బ్యాక్‌లుగా దిగినవారిని చూస్తే నాకు వేరే కథ కనిపిస్తుంది. ఎడ్మంటన్ తరఫున మూన్, ఒట్టావా తరఫున జె.సి. వాట్స్. ఇద్దరూ అమెరికన్లు, ఇద్దరూ నల్లజాతివారు, ఇద్దరూ సొంత దేశపు పెద్ద లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా చోటు దొరకక సరిహద్దు దాటినవారు.

ఈ ఆట మనం ఫుట్‌బాల్ అని పిలుచుకునేది కాదు. కోలబంతితో, చేతులతో, జట్టుకు పన్నెండు మందితో ఆడేది. పది గజాలు ముందుకు సాగడానికి అమెరికాలో నాలుగు ప్రయత్నాలుంటే ఇక్కడ మూడే. మైదానం కూడా పెద్దది. కాబట్టి బంతిని దూరం విసరగలిగి, అవసరమైతే తానే పరుగెత్తగల క్వార్టర్‌బ్యాక్ ఉంటే సగం యుద్ధం గెలిచినట్టే. అది జట్టు మెదడు కూర్చునే స్థానం. అమెరికా జట్లు నల్లజాతి కుర్రాళ్లకు ఆ స్థానం ఇవ్వడానికి వెనకాడిన అసలు కారణమూ అదే. పరుగెత్తమనేవారు, పట్టుకోమనేవారు, ఆలోచించమని మాత్రం అనేవారు కాదు.

మూన్ 1978 జనవరిలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయాన్ని కళాశాల ఫుట్‌బాల్‌లో పేరున్న రోజ్ బౌల్ ఆటలో మిషిగన్ మీద గెలిపించాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ వర్గాలు అతణ్ణి వేరే స్థానానికి మారమన్నాయి. అతను మారలేదు, ఎడ్మంటన్‌తో ఒప్పందం చేసుకున్నాడు. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే ఆ ఏటి డ్రాఫ్ట్‌లో పన్నెండు రౌండ్లు జరిగినా ఒక్క జట్టూ అతని పేరు పలకలేదు. నిజానికి అదే డ్రాఫ్ట్‌లో టాంపా బే జట్టు డగ్ విలియమ్స్ అనే నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌ను మొదటి రౌండులోనే తీసుకుంది. తలుపు పూర్తిగా మూసుకుపోలేదు, ఒక మనిషి దూరేంత సందు ఉంది. రెండో మనిషి ఎడ్మంటన్ వెళ్లాడు.

మన క్రికెట్‌లో బొంబాయి 1958-59 నుంచి వరుసగా పదిహేనుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. ఆ గెలుపులకు విత్తనం బొంబాయి మైదానాల్లోనే మొలిచింది. ఎడ్మంటన్ సంగతి అలా కాదు. క్వార్టర్‌బ్యాక్‌లు పండే నేల దానికి లేదు. పక్క పొలంలో వద్దని వదిలేసిన పంటను ఏరుకోవడమే దాని తెలివి. విల్కిన్సన్ సంగతే చూడండి. వ్యోమింగ్ రాష్ట్రం నుంచి వచ్చిన పొట్టి మనిషి, క్రీడాకారుడంటే నమ్మబుద్ధికాని ఆకారం. టొరంటో, బ్రిటిష్ కొలంబియా జట్లు వదులుకున్నాక 1972లో ఎడ్మంటన్ చేరాడు. రెండేళ్లకే లీగులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. రక్షణ శ్రేణికి వెన్నెముక అయిన డాన్ కెప్లీని డాలస్ కౌబాయ్స్ వద్దంది.

ఏరుకున్నవాటిని ఎలా వాడాలో క్యాంప్‌బెల్‌కు తెలుసు. 1977లో, అతని తొలి ఏట, మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియంలో జరిగిన గ్రే కప్ తుది పోరులో, మంచు గడ్డకట్టిన మైదానంలో మాంట్రియల్ ఆటగాళ్లు బూట్ల అడుగున స్టేపుల్ పిన్నులు దిగ్గొట్టుకుని 41-6తో ఎడ్మంటన్‌ను చితగ్గొట్టారు. మరుసటి రెండేళ్లూ తుది పోరులో అదే మాంట్రియల్‌ను క్యాంప్‌బెల్ ఓడించాడు. రెండోసారి అదే స్టేడియంలో. మూన్‌ను వచ్చిన రోజే సింహాసనం ఎక్కించలేదు. విల్కిన్సన్‌తో పాటు వంతులవారీగా ఆడిస్తూ నేర్పించాడు. ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు ఒక ఒరలో ఇమడరంటారు, ఇక్కడ నాలుగేళ్లు ఇమిడారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అవి ఎడ్మంటన్ రాజధానిగా ఉన్న అల్బర్టా రాష్ట్రంలో చమురు పొంగిన రోజులు. ఎడ్మంటన్ రక్షణ శ్రేణికి ‘అల్బర్టా క్రూడ్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారంటేనే ఊరి ఊపిరి ఎక్కడుందో తెలుస్తుంది. 1978 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టిన స్టేడియం జట్టుకు సొంతిల్లయింది. చమురు ఆదాయం ఎవరిదన్న విషయమై అల్బర్టా ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) పీటర్ లాహీడ్‌కూ, దేశ రాజధాని ఒట్టావాలోని పియర్ ట్రూడో కేంద్ర ప్రభుత్వానికీ 1980 నుంచి పెద్ద పోరే నడిచింది. ఆ లాహీడ్ ఒకప్పుడు ఎడ్మంటన్ జట్టులో ఆడినవాడే. అతని తరువాత ప్రీమియర్ అయిన డాన్ గెట్టీ 1956 గ్రే కప్పులో అదే జట్టు క్వార్టర్‌బ్యాక్. 1981లో ఎదురుగా నిలిచింది ఒట్టావా జట్టు కావడం యాదృచ్ఛికమే అయినా, ఆ సాయంత్రం అల్బర్టాలో దాన్ని ఉత్త ఆటగా చూసినవాళ్లు తక్కువేనని నా అనుమానం.

ఒట్టావాకు అన్యాయం జరిగిందన్న మాటనూ తోసెయ్యలేం. చివరి ఘట్టంలో టోనీ గేబ్రియల్ అందుకున్న బంతిని, ఇరువైపులా తప్పు జరిగిందంటూ రిఫరీలు రద్దు చేశారు. అది నిలిచి ఉంటే ఐదు వరుస కప్పుల మాట ఉండేది కాకపోవచ్చు. ఓడినా, దాడి విభాగంలో ఉత్తమ ఆటగాడి బహుమతి వాట్స్‌కే దక్కింది. అతను తరువాత ఓక్లహోమా నుంచి అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు.

1982లో మొదటి ఎనిమిది ఆటల్లో ఐదు ఓడి, మిగిలిన ఎనిమిదీ గెలిచి, తుది పోరులో టొరంటో వానలో టొరంటోనే 32-16తో ఓడించాక క్యాంప్‌బెల్ అమెరికా వెళ్లిపోయాడు. 1983లో మూన్ 5,648 గజాలు విసిరినా జట్టు ఎనిమిది గెలిచి ఎనిమిది ఓడింది. 1984లో అతనూ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు హ్యూస్టన్ ఆయిలర్స్‌కు వెళ్లాడు, అక్కడ కోచ్ మళ్లీ క్యాంప్‌బెల్. ఐదు కప్పుల కోచ్ హ్యూస్టన్‌లో ఎనిమిది ఆటలు గెలిచి, 22 ఓడి పదవి పోగొట్టుకున్నాడు. అందరూ అన్నీ చూసి కొనుక్కునే బజారులో, ఇతరులు చూడనిది చూడగల కన్నుకు విలువ తగ్గిపోతుంది.

అలాగని ఎడ్మంటన్‌ను వర్ణవివక్ష మీద నిలబడి పోరాడిన ఊరుగా కీర్తించడానికి నాకు మనసొప్పదు. అది చేసింది లాభసాటి బేరం. మూన్‌కు మెదడు స్థానం ఇచ్చిన ఆ జట్టే తన చొక్కా మీద ‘ఎస్కిమోస్’ అన్న పేరును 2020 దాకా మోసింది. అది తమను కించపరిచే మాటని ఇన్యూట్ నాయకులు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే చెబుతూ వచ్చారు. ఇప్పుడది ఎల్క్స్.

2006లో మూన్ అమెరికా ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. అదే ఏడాది ఎడ్మంటన్, వరుసగా 34 సీజన్లు చేరాక తొలిసారిగా, ప్లేఆఫ్స్‌కు చేరకుండా ఇంటికి వెళ్లింది.