జంపఖానాకు గోడ మీద పట్టాభిషేకం

నేల మీద పరవడానికి నేసిన జంపఖానా గోడ ఎక్కుతోందని కొందరు పెద్దలు గొణుగుతున్నారు. ఆ గొణుగుడు అన్యాయమని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. పెళ్లిపందిళ్లలో బంధుజనాన్ని, భజనల్లో భక్తులను, ఎన్నికల సభల్లో ముందువరుస కార్యకర్తలను మోసి మోసి అలసిన జీవికి చివరిదశలో పని లేని గౌరవపదవి ఒకటి దొరికితే తప్పేముంది? అలసిన నాయకులను గవర్నర్లుగా పంపినప్పుడు మనం కిక్కురుమనలేదు కదా.

వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకత అని చాటే జీఐ ట్యాగ్) లభించింది. అంతటి గుర్తింపు పొందినదాని మీద కూర్చోవడం మర్యాద కాదని హైదరాబాదులోని ఇంటీరియర్ డిజైనర్లు ఆ తరువాత తీర్మానించుకున్నట్లుంది. వరంగల్ కొత్తవాడ నేతగాళ్లు నిలువు పోగుల పడుగులోకి అడ్డపోగు పేకను నడిపి, వరుస వరుసకూ దువ్వెన వంటి పనిముట్టుతో దెబ్బ మీద దెబ్బ వేసి బిగించేది పదిమంది కూర్చుని లేచినా నూలు చెదరకూడదనే. గోడ మీదికి ఎక్కి కూర్చునే అతిథులు ఇప్పటివరకు ఎవరూ కనబడలేదు కనుక, ఇకపై అంత గట్టిగా కొట్టనక్కరలేదని ఆ కుటుంబాలకు ఎవరైనా కబురు పెడితే పుణ్యం ఉంటుంది.

ఈ ఉద్యమానికి లండన్ నుంచే ఒక చిన్న వెన్నుపోటు జరిగింది. పర్షియాలో 16వ శతాబ్దంలో నేసిన అర్దబీల్ తివాచీని, ఇంగ్లండు డిజైనర్ విలియం మోరిస్ వంటి రసజ్ఞుడి సిఫారసు మీద, ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ అని పిలిచే మ్యూజియం 1893లో 2,000 పౌండ్లు పెట్టి కొన్నది. పొడవు 10 మీటర్లు దాటిన ఆ తివాచీ ఎన్నో ఏళ్లు గోడకు వేలాడింది. అయితే 2006లో మ్యూజియం వారికి ఏం బుద్ధి పుట్టిందో, ఇది నేల మీద పరచుకోవలసిన వస్తువని గుర్తుచేసుకుని, గది మధ్యలో గాజుపెట్టె కట్టి అందులో వెల్లకిలా పడుకోబెట్టారు. వెలుతురుకు రంగులు వెలిసిపోతాయని అరగంటకు 10 నిమిషాలు మాత్రమే దాని మీద దీపం సరిగా వేస్తారు. మన వాళ్లు ఇంకా నయం. పడమటి కిటికీకి ఎదురుగా తగిలించి, సూర్యుడికి రోజూ సాయంత్రం దర్శనభాగ్యం కలిగిస్తున్నారు.

తగిలించే పద్ధతిలో కూడా మన ధైర్యం మెచ్చుకోదగినది. పైఅంచు పొడవునా వెనక గుడ్డగొట్టం కుట్టి, అందులో కర్ర దూర్చి వేలాడదీస్తే బరువు అంతటా సమంగా పడుతుందని తెలిసినవారు చెబుతారు. మనం రెండు మూలలా రెండు మేకులు దిగగొట్టి, నడుమ భాగం కిందికి జారితే దానిని కళాత్మకమైన వంపు అంటాము. నేతగాడి దగ్గర వంద రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడినవారే, ఆ నేత మీద కాంతి పడేందుకు పెట్టిన దీపానికి అడిగినంత ఇచ్చి వస్తారు. కళకు ఖర్చు చేయడానికి వెనుకాడకూడదు కదా!

ఇక ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ సోఫాలో కాళ్లు వేలాడేసుకుని కూర్చోలేక, "ఆ జంపఖానా కాస్త దించు నాయనా, కింద కూర్చుంటాను" అని అడిగితే, అది ఆర్టు అని ఆమెకు ఓపికగా వివరించి, బాల్కనీలోంచి ప్లాస్టిక్ చాప తెచ్చి పరుస్తారు. చేనేతను కాపాడుకోవడమంటే ఇంత నిష్ఠ ఉండాలి.

ఒక్క లోపం మాత్రం నన్ను బాధిస్తోంది. జంపఖానాకు బోర్లా, వెల్లకిలా అనే భేదం లేదు. ఎటు తిప్పినా అవే రంగులు, అవే గళ్లు. ఒక వైపు మాసితే రెండో వైపు వాడుకోవచ్చునని పూర్వులు మురిసిపోయిన ఈ సుగుణమే గోడ మీద శుద్ధ దండగ, ఎందుకంటే సగం పనితనం సున్నానికి ఆనుకుని చీకట్లో మగ్గిపోతోంది. కాబట్టి కొనుగోలుదారుల తరఫున నా డిమాండు ఒకటే: ఇకమీదట ఒక వైపే నేసి, ధర సగానికి తగ్గించాలి. పేక రెండు వైపులా కనబడక తప్పదని, మగ్గం ఉన్నంతకాలం అది కుదరదని నేతగాళ్లు అంటారేమో. ఆ మాత్రం చిన్న సాంకేతిక సమస్యను వాళ్లే పరిష్కరించుకోవాలి.