ఒక్క అక్షరానికి పదకొండు నిమిషాలు

ఇవాళ ఒక బటన్ పేరులో ఒక్క అక్షరం మార్చాను. అది స్క్రీన్ మీద కనపడటానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఫ్యాన్ హోరు, టర్మినల్‌లో ఎంతకీ కదలని లైను. సరిగ్గా అప్పుడే మెసేజ్: "ఇంకా అవలేదా? చిన్న మార్పే కదా!"

ఒళ్లు మండిపోయింది.

బిల్డ్ (రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని) నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. మా దగ్గర మెషీన్‌ని తింటూ పైన కూర్చున్నది ఆ మార్పిడి చేసే కంపైలర్ కాదు, యాంటీవైరస్. ప్రాజెక్ట్ వాడుకునే బయటి కోడంతా ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లో వేలకు వేలు చిన్న ఫైళ్లు. ఏది తెరిచినా ముందు యాంటీవైరస్ తనిఖీ చేయాలి. ఈ బాధ తెలిసే విండోస్ 11లో 2023లో డెవ్ డ్రైవ్ అని డెవలపర్లకోసం ప్రత్యేకంగా ఒక డ్రైవ్ తెచ్చారు. అందులో ఫైల్ తెరుచుకోవడానికి స్కాన్ అయ్యేదాకా ఆగక్కర్లేదు, స్కాన్ తర్వాత జరుగుతుంది. అది ఇవ్వండి అని ఐటీ వాళ్లకి టికెట్ (అర్జీ) పెడితే రెండు వారాలకు "పాలసీ ఒప్పుకోదు" అని మూసేశారు. పాలసీ రాసినవాళ్లు జన్మలో ఒక్క బిల్డ్ అయినా నడిపారా?

ఉండబట్టలేక సాయంత్రం నేనే కూర్చున్నాను. కోడేమో సీ డ్రైవ్‌లో, దాన్ని నడిపేదేమో డబ్ల్యుఎస్ఎల్ 2 (విండోస్‌లోనే లినక్స్ నడిపే ఏర్పాటు) లోపలి లినక్స్. ప్రతి ఫైలూ ఆ గోడ దాటి రావాలి. మొత్తం లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోకి మార్చాను. నాలుగు నిమిషాలకు దిగింది. తర్వాత బిల్డ్ స్క్రిప్ట్ తెరిస్తే మొదటి లైనే 'క్లీన్'! ఎప్పుడో ఎవరికో పాత క్యాష్ (ముందు బిల్డ్‌లో దాచిన ఫైళ్లు) వల్ల ఒక ఎర్రర్ వచ్చిందని పెట్టారట. అప్పటినుంచి అందరం ప్రతిసారీ అంతా చెరిపేసి మొదటినుంచి కడుతున్నాం. మారిన ఫైలునే మళ్లీ కంపైల్ చేస్తే చాలని 1976లోనే 'మేక్' అనే బిల్డ్ టూల్ రాసిన స్టువర్ట్ ఫెల్డ్‌మన్ చూపించాడు. మనకింకా ఎక్కలేదు. ఆ లైను తీసేశాను. యాభై సెకన్లు!

సంతోషంగా లీడ్‌కి చూపిస్తే ఏమన్నారో తెలుసా? "నడుస్తున్నదాన్ని కదపకు, రిస్క్." రోజుకి ముప్పైసార్లు బిల్డ్ చేసే టీమ్ అండీ ఇది. ఆ పదకొండు నిమిషాలు రిస్క్ కాదా? ఆ గ్యాప్‌లో ఫోన్ చూస్తాం, చేస్తున్నది మరిచిపోతాం, మళ్లీ మొదటికొస్తాం.

అసలు కోడ్ రాసేవాళ్లకు 8 జీబీ ర్యామ్, స్లైడ్‌లు చేసేవాళ్లకు 32 జీబీ ఇవ్వాలన్న ఆలోచన ఎవరిది? ఎడిటర్, బ్రౌజర్, డాకర్ మూడూ తెరిస్తే నా లాప్‌టాప్ మౌస్ కదపడానికే ఆయాసపడుతుంది. పోయినేడు అప్రైజల్‌లో నా పేరు పక్కన రాసిన మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది: "పనిలో వేగం పెంచుకోవాలి." ఎవరి వేగం? నాదా, ఆ డబ్బాదా? ఆ రోజు నోరెత్తలేదు, తలూపి వచ్చేశాను.

రేపు మూడోసారి టికెట్ పెడుతున్నాను. ఈసారి ఆ పదకొండు నిమిషాల స్క్రీన్ రికార్డింగ్ ఎక్కడా కట్ చేయకుండా జత చేస్తాను. కూర్చుని మొత్తం చూడమనండి.