సవరణ: ఆర్మోరియల్ ఉద్యమం పుట్టింది రెసిఫేలో

జానపద సంప్రదాయాల ఆధారంగా ఉన్నత కళను సృష్టించాలన్న బ్రెజిల్ ఆర్మోరియల్ కళోద్యమం గురించి మొన్న రాసిన వ్యాసంలో రెండు తప్పులు దొర్లాయి. అది రియోలో మొదలైందన్నాను. కాదు, ఈశాన్య ప్రాంతపు రెసిఫే నగరంలో, 1970 అక్టోబరు 18న ఒక చర్చిలో కచేరీ, చిత్ర ప్రదర్శనలతో రచయిత అరియానో సువస్సునా దాన్ని ప్రారంభించారు.

రెండో తప్పే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ ఉద్యమంలోని కళాకారుడు జిల్వాన్ సమికో చెక్క అచ్చు చిత్రాలను కోర్డెల్ పుస్తకాల అట్టబొమ్మలని రాశాను. కోర్డెల్ అంటే సంతల్లో తాడుకు వేలాడదీసి అమ్మే పద్యకథల చిన్న పుస్తకాలు. వాటి అట్టల మీది ముతక నల్లగీతలు, ఎంతో అందమైనవి, సమికోకు స్ఫూర్తినిచ్చాయి. ఆయన చెక్కినవి మాత్రం గోడకు తగిలించే పెద్ద, స్వతంత్ర చిత్రాలు. పక్షులు, పాములు, నక్షత్రాలు అన్నీ చెక్క మీద ఓపికగా తొలిచినవే. పాఠకులు మన్నించాలి, పాత వాక్యాలను సరిదిద్దాను.