పార్టీ లేని రంగు

గుంటూరులో పచ్చళ్ల వ్యాపారానికి కావలసింది మంచి మిరపకాయ, మంచి నూనె, చేతి నేర్పు అని మా పిన్ని ఇన్నాళ్లూ నమ్మింది. మూడూ ఆమెకు పుష్కలంగా ఉన్నాయి. లేనిది లోగో. ఎదురింటి అమ్మాయి హైదరాబాదులో డిజైన్ కోర్సు చదువుతూ సెలవులకు వచ్చింది. "ఆంటీ, ముందు మీ బ్రాండ్‌కు ఒక రంగు ఖాయం చేసుకోండి. అక్షరాలు, బొమ్మ, సీసా మూత, సంచి అన్నీ దాన్నిబట్టే ఉంటాయి" అంది.

రంగు ఖాయం చేసుకోవడమట! ఈ పిల్ల అసలు మన రాష్ట్రంలోనే పెరిగిందా అని నాకు అనుమానం వచ్చింది.

పిన్ని వెంటనే పసుపు అంది. శుభప్రదం, పైగా ఆవపిండి రంగు. బాబాయి పేపరు దించి చూశాడు. ఆయన పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి రిటైరయ్యాడు. పంచాయతీ భవనాలకు పార్టీ రంగులు వేసిన గొడవ హైకోర్టు తీర్పుతో ఆగక 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వైనం ఆయనకు కంఠస్థం.

"పసుపు వేస్తే ఊళ్లో సగం మందే కొంటారు" అన్నాడు.

"పోనీ నీలం, ఆకుపచ్చ కలిపి?"

"మిగతా సగం కొంటారు."

"ఎరుపు వేద్దామండీ, మిరపకాయ రంగేగా!"

"దాన్ని ఇప్పటికే ఎర్రజెండాల వాళ్లూ గాజు గ్లాసు వాళ్లూ పంచుకుంటున్నారు. మూడో వాటా మనకెక్కడిది?"

కాషాయం మాట ఎత్తగానే ఆయన మళ్లీ పేపరు పైకెత్తేశాడు. గులాబీ పక్క రాష్ట్రం వాళ్లదిగా, మనకేమిటి భయం అన్నాను నేను. "అమీర్‌పేటలో మా అక్క కూతురు అమ్మిపెడతానంది. దాని బేరం చెడగొట్టకు" అని పిన్ని నన్ను కసిరింది. నిజానికి ఇంద్రధనుస్సు కూడా మన దగ్గర పొత్తు పెట్టుకున్నట్టే కనిపిస్తుంది.

చివరికి పిన్నికే తట్టింది. "ఏమండీ, చింతపండు రంగు ఎవరిది?"

బాబాయి చాలాసేపు ఆలోచించాడు. డిపాజిట్లు పోగొట్టుకున్న పార్టీలను కూడా తలుచుకున్నట్టున్నాడు. "ఎవరిదీ కాదు" అని తీర్పు చెప్పాడు.

డిజైనర్ అమ్మాయి మురిసిపోయింది. చింతపండు రంగులో వాసెన కట్టిన జాడీ, చుట్టూ గుండ్రటి అక్షరాలు గీసింది. నిజంగానే ముచ్చటగా ఉంది. కింద 14 అంకెల ఆహార భద్రత నెంబరు, మూలన శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చదరం, అందులో ఆకుపచ్చ చుక్క పెట్టి, కాలేజీ తెరుస్తున్నారని బండెక్కింది.

ప్రెస్సులో ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు. రెండో ప్లేటుకు వేరే డబ్బులు అన్నారు. బాబాయి లేబుల్‌ను దూరంగా పట్టుకుని చూశాడు. ప్రభుత్వ సొమ్మునే ముప్పై ఏళ్లు పొదుపు చేసిన మనిషి, సొంత సొమ్మును వదులుతాడా? "ఈ మూల చుక్క కోసం ఇంకో ప్లేటా? అంతా ఒకే రంగులో కొట్టెయ్యండి" అన్నాడు. రెండు వేల లేబుళ్లు చింతపండు రంగులో, చుక్కతో సహా, దిగాయి.

ఆ రంగు చుక్క మన దేశంలో చాలా ఏళ్లు మాంసాహారానికి గుర్తు. ఇప్పుడు చుక్క పోయి అదే రంగులో త్రిభుజం వచ్చింది కానీ, జనం కళ్లకు ఇంకా చుక్కే గుర్తు. కార్తీకమాసంలో వెల్లుల్లి కూడా ముట్టని మా పిన్ని ఆ సంగతి తెలియక సీసాలన్నిటికీ తన చేత్తోనే లేబుళ్లు అంటించింది.

వీధి చివరి పురోహితుడుగారు గోంగూర సీసాను రెండు వేళ్లతో పట్టుకొచ్చి గడప మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయారు. పిన్నికి కారణం అంతుపట్టలేదు. ఉప్పెక్కువైందేమోనని మూత తీసి రుచి చూసింది.

మర్నాడు మేడ మీద అద్దెకుంటున్న బ్యాంకు ఉద్యోగి దిగివచ్చాడు. చేతిలో సగం ఖాళీ అయిన సీసా.

"అత్తయ్యగారూ, పచ్చడి అద్భుతం. కానీ రాత్రి నుంచీ వెతుకుతున్నాను, ఒక్క రొయ్య కూడా తగల్లేదు."

పిన్ని నోట మాట రాలేదు. బాబాయి పేపరు ఇంకొంచెం పైకెత్తాడు.

"ఫరవాలేదండీ, అడుగున ఉన్నాయేమో" అని అతనే సర్దిచెప్పి, ఇంకో సీసాకు డబ్బులిచ్చాడు. "ఈసారి కాస్త కలియబెట్టి ఇవ్వండి."