మూసే తేదీ లేని చట్టం గారికి

న్యూజెర్సీ ఎన్నికల చట్టం గారూ, నమస్కారం.

మీరు పుట్టింది 1788లో. అమెరికా కొత్త రాజ్యాంగం ప్రకారం కొలువుదీరే మొట్టమొదటి కాంగ్రెస్‌కి మీ రాష్ట్రం నలుగురిని పంపాలి, రాష్ట్రమంతా కలిపి ఒకటే నియోజకవర్గం, పోలింగ్ 1789 ఫిబ్రవరి 11న మొదలు. ఇక్కడిదాకా బానే రాశారు. ఎప్పుడు ఆపాలో మాత్రం రాయలేదు. ఎంత పెద్ద మనసండీ మీది!

పడమటి వైపు పెద్దలు జట్టుకట్టి నలుగురి పేర్లతో ఒక ప్యానెల్ దించారు, దాన్ని జుంటో అనేవాళ్ళు. తూర్పు వాళ్ళకి అబ్రహాం క్లార్క్ ఉన్నాడు, 1776లో స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన మనిషి. ఆయన సొంత కౌంటీ ఎసెక్స్ (ఇప్పుడు మనవాళ్ళు నిండిపోయిన ఎడిసన్ ఉంది చూశారూ, ఆ మిడిల్‌సెక్స్‌కి అప్పట్లో ఆనుకునే ఉండేది). తలుపు మూయమని మీరు చెప్పలేదు కాబట్టి ఎసెక్స్ మూయలేదు. ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది, పోలింగ్ జీళ్ళపాకంలా సాగుతూనే ఉంది. గవర్నర్ లివింగ్‌స్టన్, ఆయన సలహా మండలి ఎంతకాలమని చూస్తారు, మార్చిలోనే ఎసెక్స్ లెక్క లేకుండా జుంటో నలుగురూ గెలిచారని ప్రకటించేశారు.

అసలు తమాషా ఏప్రిల్ 23న. తొలి ప్రెసిడెంట్‌గా ప్రమాణ స్వీకారానికి అప్పటి రాజధాని న్యూయార్క్ వెళ్తూ జార్జ్ వాషింగ్టన్ ఎలిజబెత్‌టౌన్‌లో ఆగాడు. అదీ ఎసెక్స్‌లోనే. ఇంట్లో ఆతిథ్యమిచ్చి, పడవలో దగ్గరుండి తీసుకెళ్ళింది ఎవరనుకున్నారు? ఇలయాస్ బూడినాట్, గెలిచిన ఆ నలుగురిలో ఒకరు. అంటే ఎంపీ గారు అప్పటికే సభలో కూర్చుని, ప్రెసిడెంట్‌కి భోజనం పెట్టి సాగనంపుతుంటే, ఆయన ఎన్నికకి ఆయన సొంత కౌంటీలోనే ఇంకా పోలింగ్ ముగియలేదు! ఇంత సావకాశంగా ఓటేసే భాగ్యం ఎవరికి దక్కుతుంది చెప్పండి.

తర్వాత ఓటర్ల ఫిర్యాదులు కాంగ్రెస్ దాకా వెళ్ళాయి. కమిటీ అన్నారు, చర్చ అన్నారు, చివరికి సెప్టెంబరులో ఆ నలుగురి ఎన్నికా సక్రమమేనని ప్రతినిధుల సభ తేల్చింది. ఓడిపోయిన క్లార్క్ తర్వాతి ఎన్నికల్లో గెలిచి సభకి వెళ్ళాడు లెండి, అది వేరే సంగతి.

మీ మీద నాకు కోపమేం లేదు, ఒక్క డౌటు తీర్చండి చాలు. ఏప్రిల్ ఎండలో ఎసెక్స్‌లో ఎవరో పెద్దాయన పనులన్నీ మానుకుని వచ్చి ఓటేసి ఉంటాడు కదా, పాపం ఆయన ఓటేసింది ఏ ఎన్నికకండీ?

ఇట్లు,
సాయంత్రం ఆరింటికే గేటు మూసేసే దేశం నుంచి ఒక ఓటరు